ఆరోగ్య కేంద్రానికి రోగుల రికార్డుల అప్లికేషన్: విద్యార్థి బృందం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడిపించాలి

ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు రోగుల రికార్డుల అప్లికేషన్‌ను ఎంచుకునే విద్యార్థులు చాలామంది ఉంటారు. లాగిన్ పేజీ, రోగి వివరాల ఫారం, డాక్టరు చూసేందుకు ఒక డ్యాష్‌బోర్డు తయారుచేసి, వైవాలో చూపించి, మార్కులు తెచ్చుకోవడంతో ఆ పని ముగిసిపోతుంది. ఈ వ్యాసం అంతటితో ఆగదలచుకోని బృందాల కోసం రాసినది. కరెంటు పోయే, నెట్‌వర్క్ అందని, ఒక్క నర్సే నలుగురి పని చేసే ఆరోగ్య కేంద్రంలో తమ అప్లికేషన్ రోజూ వాడకంలో ఉండాలని కోరుకునేవారికి ఇందులో చెప్పదలచినది ప్రధానంగా ఒక్కటే: వివరాలు ఎక్కించే మనిషికి అదే రోజో మర్నాడో తన పని తేలికయ్యే ఫలితం ఏదో ఒకటి చేతికి అందాలి. అది అందితేనే ఆమె రేపు కూడా వివరాలు ఎక్కిస్తుంది. అందకపోతే ఎంత చక్కని తెర గీసినా నెల తిరిగేసరికి అందరూ పాత రిజిస్టరుకే తిరిగి వెళతారు.

దీనికి కెన్యాలో మంచి ఉదాహరణ ఉంది. ఎల్డొరెట్ పట్టణానికి దగ్గరలోని మొసొరియట్ గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో మోయి విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం కలిసి 2001లో చిన్న రికార్డుల వ్యవస్థను మొదలుపెట్టాయి. అది మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో కట్టిన సాదా డేటాబేస్. రోగి వచ్చినప్పుడు పేరు నమోదు చేయడం, వైద్య సిబ్బంది కాగితంపై రాసినదాన్ని రోగి వెళ్లేటప్పుడు గుమాస్తా ఎక్కించడం, ప్రభుత్వానికి పంపవలసిన నివేదికలు తీయడం దాని పనులు. ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో ముందూ తర్వాతా కొలిచి చూసి, ఆ లెక్కలను 2003లో ప్రచురించారు. రోగి కేంద్రంలో గడిపే సమయం 22 శాతం, ఒక్కో రోగిపై వైద్య సిబ్బంది వెచ్చించే సమయం 58 శాతం తగ్గాయి. అంత సాదా వ్యవస్థ నిలబడిందంటే కారణం అందులోని సాంకేతికత గొప్పదనం కాదని, రిజిస్టర్లు తిరగేసే శ్రమ తగ్గడమేనని నేను అనుకుంటాను. ఆ అనుభవమే తర్వాత ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే, చాలా దేశాలు వాడుతున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు దారి తీసింది.

కోడ్ రాయకముందు రిజిస్టర్లు చదవండి

మొదటి పని కంప్యూటరు మీద కాదు, ఆరోగ్య కేంద్రంలోని బల్ల దగ్గర. మన రాష్ట్రాల్లో అయితే ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసరును, అవసరమైతే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారిని కలిసి, కాలేజీ నుంచి లేఖ ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మరో దేశంలోని కేంద్రానికి పనిచేస్తున్నట్లయితే అక్కడి వైద్య సిబ్బందిలో ఒకరు మీ బృందంలో సభ్యులుగా ఉండాలి. దూరం నుంచి ఊహించుకుని ఫారాలు తయారుచేయకూడదు.

అనుమతి వచ్చాక ఒక రోగి గేటు దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి మందులు తీసుకుని బయటికి వెళ్లేవరకు, ఆ రోగి ఒప్పుకుంటేనే, వెనకే నడవండి. పరీక్ష జరిగే గదిలోకి మాత్రం వెళ్లవద్దు. ఆ రోగి పేరు ఎన్నిచోట్ల రాశారో లెక్కపెట్టండి: ఓపీ రిజిస్టరు, రక్తపరీక్షల రిజిస్టరు, మందుల రిజిస్టరు, గర్భిణి అయితే మరొకటి, బీపీ షుగరు ఉంటే ఇంకొకటి. ప్రతి రిజిస్టరులోని కాలమ్ శీర్షికలను మీ నోటుబుక్కులో రాసుకోండి. నిండిన పేజీలను ఫోనుతో ఫొటో తీయకండి, ఎందుకంటే ఆ ఫొటో తీసిన క్షణం నుంచే మీ గ్యాలరీలో రోగుల పేర్లు, జబ్బులు చేరిపోతాయి.

తర్వాత ప్రతి కాలమ్ గురించి మూడు ప్రశ్నలు అడగాలి. దీన్ని ఎవరు నింపుతారు? ఎవరు చదువుతారు? ఏ నివేదికలోకి వెళుతుంది? పాత పేజీల్లో కొన్ని కాలమ్‌లు నెలల తరబడి ఖాళీగా ఉండడం గమనిస్తారు. అవి ఖాళీగా ఎందుకున్నాయో తెలుసుకోవడం ముఖ్యం. కొలిచే పరికరం పాడై ఉండవచ్చు, అడగడానికి మొహమాటపడే విషయం కావచ్చు, ఎవరికీ ఉపయోగపడని వివరం కావచ్చు. విద్యార్థులు సాధారణంగా ఇలాంటి గడికి ఎర్ర నక్షత్రం పెట్టి తప్పనిసరి చేస్తారు. తప్పనిసరి చేసినంత మాత్రాన నిజమైన సమాచారం రాదు. తెర ముందుకు జరగాలి కాబట్టి నోటికొచ్చిన అంకె వస్తుంది. ఖాళీ గడి కన్నా అబద్ధపు అంకె ఎక్కువ హాని చేస్తుంది.

ఇంకొక విషయం నిర్మొహమాటంగా చెప్పాలి. మన ఏఎన్ఎంలు ఇప్పటికే రిజిస్టర్లు రాస్తూ, ప్రభుత్వ యాప్‌లలోనూ వివరాలు ఎక్కిస్తున్నారు. మీ అప్లికేషన్ వల్ల అదే పేరును మరోసారి రాయవలసి వస్తే, దయచేసి ఆ పని తలపెట్టకండి. ఉన్న వాటిలో ఒకదాన్నైనా తీసేయగలగాలి, లేదా మీ దగ్గర ఎక్కించినదాని నుంచే ఆ నివేదిక దానంతట అదే తయారుకావాలి.

ఒక్క పని ఎంచుకోండి

మొత్తం ఆస్పత్రికి సరిపడే వ్యవస్థ రెండు సెమిస్టర్లలో పూర్తి కాదు. ఒక్క పని తీసుకుని దాన్ని చివరి వరకు చేయాలి. పిల్లల టీకాలను ఉదాహరణగా తీసుకుందాం. మన దగ్గర ఉపకేంద్రాల్లో, ఇప్పుడు పల్లె దవాఖానాలు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లుగా మారిన చోట్ల కూడా, బుధవారం, శనివారం టీకాల రోజులు. ఆ రోజు ఏయే పిల్లలు రావాలో చెప్పే పట్టికను డ్యూ లిస్ట్ అంటారు. ఆ పట్టిక రిజిస్టరు పేజీలన్నీ తిప్పి చేత్తో రాయవలసినది. మంగళవారం సాయంత్రానికి వాడల వారీగా విడదీసిన డ్యూ లిస్ట్‌ను కాగితం మీద అచ్చువేసి ఆశా కార్యకర్త చేతిలో పెట్టగలిగితే, మీ అప్లికేషన్ అప్పుడే తన విలువ నిరూపించుకున్నట్లు.

చూడడానికి ఇది తేలిక లెక్కలా ఉంటుంది కానీ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాల వయసులో వేస్తారు. మన దేశంలోనే కాక కెన్యాలోనూ మలావీలోనూ ఇవే వారాలు. పుట్టిన తేదీకి ఈ వారాలు కలిపి మూడు తేదీలు పెట్టేయాలని ఎవరికైనా తోస్తుంది. అయితే బిడ్డకు మొదటి డోసు ఎనిమిదో వారంలో పడితే రెండోది పదో వారంలో వేయకూడదు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి కాబట్టి పన్నెండో వారం వరకు ఆగాలి. అందువల్ల తర్వాతి తేదీని రెండు లెక్కలతో చూడాలి: షెడ్యూలు ప్రకారం రావలసిన వయసు, కిందటి డోసు నిజంగా పడిన తేదీకి నాలుగు వారాలు. వీటిలో ఏది ఆలస్యమైతే అదే డ్యూ తేదీ. తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. ఈ నియమాలను కోడ్‌లో అక్కడక్కడా పాతిపెట్టకుండా ఒక పట్టికలో ఉంచండి. షెడ్యూలులోకి కొత్త టీకా చేరినప్పుడు ప్రోగ్రామరు అవసరం లేకుండా ఆ పట్టిక మార్చుకోగలగాలి. నియమాలు సరిగా రాశారో లేదో ఏఎన్ఎం చేత, మెడికల్ ఆఫీసరు చేత ఉదాహరణలతో సరిచూపించి సంతకం తీసుకోండి. వైద్య నిర్ణయం మీది కాకూడదు.

మన ప్రాంతపు ఆచారం ఒకటి ఈ లెక్కను ఇంకా క్లిష్టం చేస్తుంది. మొదటి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. గర్భిణిగా అత్తగారి ఊరి ఉపకేంద్రంలో నమోదై, కాన్పు పుట్టింటి వైపు జరిగి, తొలి టీకాలు అక్కడే వేయించుకుని, కొన్ని నెలల తర్వాత బిడ్డతో తిరిగి వస్తుంది. ఒక్క కేంద్రం రిజిస్టరునే ప్రపంచంగా భావించి రాసిన అప్లికేషన్‌లో ఆ బిడ్డ ఒకచోట టీకాలు మానేసినట్లు, మరోచోట పుట్టకుండానే ఊడిపడినట్లు కనిపిస్తుంది. కనుక వేరేచోట వేసిన డోసును తల్లి దగ్గరున్న మాతా శిశు సంరక్షణ కార్డు చూసి నమోదు చేసే వీలు, తాత్కాలికంగా వెళ్లారని గుర్తుపెట్టే వీలు మొదటి రోజు నుంచీ ఉండాలి. మలావీలో ప్రతి రోగీ తన హెల్త్ పాస్‌పోర్టు అనే చిన్న పుస్తకాన్ని తానే దాచుకుని, ఏ కేంద్రానికి వెళ్లినా వెంట తీసుకెళతాడు. రోగి చేతిలో ఉండే కాగితాన్ని తీసేయాలని చూడకండి. మీ వ్యవస్థ ఆ కాగితానికి తోడుగా నిలవాలి.

ఖాళీ పేజీతో మొదలుపెట్టకండి

ఓపెన్‌ఎంఆర్‌ఎస్ ఆలోచన 2004లో వైద్య పరిశోధన సంస్థ రీగన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్, పేదలకు వైద్యం అందించే పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ సంస్థల వారు కలిసి పనిచేయడంతో రూపు దిద్దుకుంది. 2006లో ఎల్డొరెట్‌లో, అదే ఏడాది రువాండాలో అది వాడకంలోకి వచ్చింది. 2007 నుంచి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో కొత్తవారి చేత పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమంలో పాల్గొంటూ విద్యార్థులకు పని నేర్పుతోంది. దానిమీదే కట్టిన ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ బహ్మ్ని, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ నడిపే ఆస్పత్రి అవసరాల నుంచి పుట్టింది. ల్యాబు కోసం ఓపెన్‌ఎలిస్‌ను, బిల్లులు, మందుల నిల్వల కోసం ఓడూను దానికి జతచేశారు. దక్షిణాఫ్రికాలో 1994లో మొదలైన కృషి నుంచి ఎదిగి, ఓస్లో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తున్న డీహెచ్‌ఐఎస్2 అనే సాఫ్ట్‌వేర్ జిల్లా, దేశ స్థాయి ఆరోగ్య లెక్కలకు ప్రసిద్ధి. ఇంటింటికీ తిరిగి ఫోనులో ఫారాలు నింపడమే పనైతే, అందుకోసమే ఉన్న ఓడీకే అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చాలు.

ఇవన్నీ ఉండగా సొంతంగా ఎందుకు రాయాలనే ప్రశ్నకు మీ దగ్గర గట్టి జవాబు ఉండాలి. నా సలహా ఏమిటంటే, వీటిలో ఒకదాన్ని ల్యాప్‌టాప్‌లో నడిపించి చూసి, మీ కేంద్రానికి లోటుగా ఉన్న ఒక ఫారమో, నివేదికో, తెలుగు అనువాదమో, డ్యూ లిస్ట్ లాంటి మాడ్యూలో చేయండి. పదిమంది వాడుతున్నదానికి చేర్చిన చిన్న మాడ్యూలు మీరు కాలేజీ విడిచి వెళ్లాక కూడా బతికే అవకాశం ఎక్కువ. చిన్న కేంద్రానికి ఓపెన్‌ఎంఆర్‌ఎస్ బరువైపోతుందని పరిశీలించి తేల్చుకుంటే సొంతంగా రాయవచ్చు. అప్పుడు కూడా దాని డేటా నమూనాను చదివి రాయండి.

ఆ నమూనాలో సారం ఇది. మనిషి వేరు, ఆ మనిషి కేంద్రానికి వచ్చిన సందర్భం వేరు, ఆ సందర్భంలో గమనించిన ఒక్కో విషయం వేరు. బరువు, బీపీ, జ్వరం వంటివాటికి రోగి పట్టికలో ఒక్కో కాలమ్ పెట్టకుండా, ‘ఏ విషయం, ఎంత విలువ, ఎప్పుడు, ఎవరు గమనించారు’ అనే వరుసలుగా దాచుతారు. విషయాల పేర్లన్నీ ఒక నిఘంటువులో ఉంటాయి. కొత్త పరీక్ష వస్తే నిఘంటువులో ఒక పదం చేరుతుంది తప్ప డేటాబేస్ నిర్మాణం మారదు. ఆ పదాలకు, జబ్బులకూ వైద్య పదాలకూ ల్యాబు పరీక్షలకూ ప్రపంచమంతా వాడే ఐసీడీ, స్నోమెడ్, లోయింక్ సంకేతాలను పక్కన రాసుకుంటే, రేపు ఆరోగ్య వ్యవస్థల మధ్య సమాచార మార్పిడికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణంలో మరో వ్యవస్థకు సమాచారం పంపడం సాధ్యమవుతుంది.

కొన్ని చిన్న నిర్ణయాలు పెద్ద ఫలితం ఇస్తాయి. చాలామంది పెద్దవారికి పుట్టిన తేదీ తెలియదు, వయసు చెబుతారు. అప్పుడు ఏడాదిని లెక్కగట్టి, ఇది అంచనా మాత్రమేనని చెప్పే గుర్తును కూడా దాచాలి, లేకపోతే మీ డేటాలో ఊరు ఊరంతా జనవరి 1న పుట్టినట్లు తేలుతుంది. ‘లేదు’, ‘తెలియదు’, ‘అడగలేదు’ అనేవి మూడు వేర్వేరు జవాబులు. ఒక్క టిక్ గడిలో వాటిని కుక్కితే మందు అలర్జీ గురించి అడగని రోగి అలర్జీ లేని రోగిగా నమోదవుతాడు. ఏ వరుసనూ తుడిచేయకూడదు. తప్పు పడితే చెల్లదని గుర్తుపెట్టి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు రద్దు చేశారో రాయాలి. ఇథియోపియాలో ఏడాదికి పదమూడు నెలల సొంత క్యాలెండరు, నేపాల్‌లో విక్రమ సంవత్సరం వాడుకలో ఉన్నాయి. అక్కడికి పనిచేస్తే తేదీ ఎంచుకునే గడినే కొత్తగా రాయవలసి వస్తుంది.

మనిషిని గుర్తుపట్టడం

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే, విద్యార్థులు అన్నిటికన్నా తక్కువ సమయం ఇచ్చేదీ ఇదే. మన పేర్లనే చూడండి. లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో ఒకరు కే, ఎస్, హెచ్‌లతో, మరొకరు ఎక్స్‌తో రాస్తారు. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనుక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరమే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది. ఫోను నంబరు ఇంటిల్లిపాదికీ ఒకటే. ఉచ్చారణను బట్టి పేర్లను పోల్చడానికి ఇంగ్లిషు పేర్ల కోసం పుట్టిన సౌండెక్స్ పద్ధతి మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్లు ఉంచుతుంది కాబట్టి, ఈ తో మొదలుపెట్టి రాసిన ఎల్లయ్య, వై తో మొదలుపెట్టి రాసిన యెల్లయ్య దాని లెక్కలో ఇద్దరు మనుషులు. మలావీలో మాట్లాడే చిచేవా భాషలో ల, ర శబ్దాలు ఒకదాని స్థానంలో ఒకటి పలుకుతాయి. అందుచేత వెతికే పద్ధతిని ఆ ప్రాంతపు పేర్లతో పరీక్షించి, మీరే నియమాలు రాయాలి. పేరుతో పాటు ఊరు, వాడ, తల్లి పేరు లేదా భర్త పేరు, సుమారు వయసు కలిపి వెతికి, దగ్గరగా ఉన్నవారి జాబితా చూపించాలి. కొత్త రోగి అనే బటన్‌ను వెతికిన తర్వాతే తెర మీద చూపించండి.

కేంద్రం ఇచ్చే సొంత నంబరుకు చివర, టైపు తప్పును పట్టించే చెక్ అంకె తప్పకుండా ఉండాలి. పద్ధతి చిన్నదే. 40712 అనే నంబరు తీసుకుందాం. కుడి చివరి అంకె నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయండి: 2 కు 4, 1 అలాగే 1, 7 కు 14 వచ్చింది కాబట్టి దాని అంకెలు కలిపి 5, 0 అలాగే 0, 4 కు 8. మొత్తం 18. దాన్ని 20 చేయడానికి 2 కావాలి, కనుక పూర్తి నంబరు 407122. రద్దీలో ఎవరైనా 470122 అని కొడితే మొదటి ఐదంకెల మొత్తం 20 అవుతుంది, చెక్ అంకె 0 కావలసింది, అక్కడ 2 ఉంది, వ్యవస్థ వెంటనే తిరస్కరిస్తుంది. 0, 9 పక్కపక్కన తారుమారైన సందర్భాన్ని మాత్రం ఈ పద్ధతి పట్టుకోలేదు. ఓపెన్‌ఎంఆర్‌ఎస్ దీన్నే అక్షరాలకూ విస్తరించి, చేతిరాతలో అంకెలను పోలిన బి, ఐ, ఓ, క్యూ, ఎస్, జెడ్ అక్షరాలను తీసేసి, 30 గుర్తులతో వాడుతుంది. ఆ నంబరును క్యూఆర్ కోడ్ లేదా బార్‌కోడ్ లేబులుగా అచ్చువేసి రోగి కార్డు మీద అతికిస్తే టైపు చేసే పనే తగ్గుతుంది.

మన దేశంలో ఆభా అనే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరు ఉంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద దాన్ని ఇస్తారు. అది స్వచ్ఛందం కాబట్టి దానికి ఒక గడి ఉంచండి, దాన్నే మూలమైన కీగా పెట్టకండి. ఆధార్ నంబరును మాత్రం విద్యార్థి ప్రాజెక్టులో అసలు దాచవద్దు. ఎంత జాగ్రత్తపడినా ఒకే మనిషికి రెండు రికార్డులు ఏర్పడతాయి. వాటిని కలిపే తెర, పొరపాటున కలిపితే విడదీసే మార్గం రెండూ ఉండాలి.

కరెంటు, నెట్‌వర్క్

నెట్‌వర్క్ లేకపోవడాన్ని మామూలు స్థితిగా, ఉండడాన్ని అదనపు సౌకర్యంగా భావించి రూపకల్పన చేయాలి. రాసినది ముందుగా ట్యాబ్‌లోని డేటాబేస్‌లోకే వెళ్లాలి, అక్కడి నుంచే చదవాలి, సిగ్నల్ దొరికినప్పుడు సర్వరుకు చేరాలి. ప్రతి వరుసకూ యూయూఐడీని, అంటే మరెక్కడా రాని పొడవైన గుర్తింపు సంఖ్యను, ట్యాబే తయారుచేస్తే రెండు ట్యాబులు ఒకే సంఖ్యను ఇచ్చే ప్రమాదం ఉండదు. పంపుతుండగా సిగ్నల్ పోయి అదే వరుస రెండుసార్లు వెళ్లినా, సర్వరులో ఒక్కసారే నమోదు కావాలి. ట్యాబు గడియారం తప్పు కావచ్చు కనుక ట్యాబు చెప్పిన సమయం, సర్వరుకు అందిన సమయం రెండూ దాచండి.

ఇద్దరు ఒకే రికార్డును మార్చినప్పుడు, చివర వచ్చినదే నిలుస్తుందనే నియమం వైద్య సమాచారానికి పనికిరాదు. కొలతలకు ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఇద్దరు చూసిన రెండు బీపీలూ రెండు వరుసలుగా ఉండవచ్చు. చిరునామా, ఫోను, పేరు లాంటివి ఢీకొన్నప్పుడు రెండింటినీ తెర మీద చూపించి మనిషినే ఎంచుకోమనాలి.

మలావీలో బావోబాబ్ హెల్త్ బృందం మరో దారి ఎంచుకుంది. కాగితం నుంచి తర్వాత ఎక్కించడం కాకుండా, నర్సు రోగి ఎదుటే తాకే తెర మీద ఒక్కో ప్రశ్నకు జవాబిస్తూ వెళ్లే పద్ధతి అది. బ్యాటరీలతో గంటల తరబడి నడిచే తక్కువ కరెంటు యంత్రాలను వాడి, తెరకొక ప్రశ్న చొప్పున పెద్ద అక్షరాలతో చూపించి, బార్‌కోడ్ లేబుళ్లను హెల్త్ పాస్‌పోర్టుల మీద అతికించారు. కంప్యూటరు అలవాటు లేని సిబ్బంది కూడా దాన్ని వాడగలిగారు. కెన్యా దారా, మలావీ దారా అన్నది మీ కేంద్రంలో రద్దీని బట్టి, టైపు చేయడానికి వేరే మనిషి ఉన్నారా అన్నదాన్ని బట్టి తేలాలి.

రహస్యం కాపాడడం

హెచ్ఐవీ, గర్భస్రావం, మానసిక సమస్య, టీబీ: వీటిలో ఏ ఒక్కటి బయటపడినా ఊళ్లో ఒక మనిషి జీవితం తలకిందులవుతుంది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, కెన్యాలో 2019 నాటి డేటా రక్షణ చట్టం ఉన్నాయి. మీరు పనిచేసే దేశపు చట్టాన్ని కోడ్ రాయకముందే చదవండి. రోగుల సమాచారంతో చేసే పని దేనికైనా నైతిక విలువల కమిటీ అనుమతి అవసరమా అని కాలేజీని అడగండి.

ప్రతి ఒక్కరికీ సొంత పిన్ ఇవ్వాలి, అది నాలుగంకెలదైనా సరే. పొడవైన పాస్‌వర్డు పెడితే గోడమీద చీటీ అంటించి అందరూ ఒకే ఖాతా వాడతారు, అప్పుడు ఎవరు ఏమి మార్చారో తెలియదు. ట్యాబు డేటాబేస్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలి. ట్యాబు ఇంటికి వెళ్లాక పిల్లల ఆటలకు, ఇంట్లోవారి చేతుల్లోకి పోతుందని ముందే అనుకుని, కొద్ది నిమిషాలు తాకకపోతే తెర మూసుకునేలా పెట్టండి. ఎస్ఎంఎస్ పంపితే అందులో జబ్బు పేరు, పరీక్ష పేరు రాయకండి. ఆ ఫోను ఆమె చేతిలో కాక భర్త చేతిలోనో అత్త చేతిలోనో ఉండవచ్చు. ‘బుధవారం కేంద్రానికి రండి’ అంటే చాలు.

మీ ల్యాప్‌టాపుల్లో, గిట్‌హబ్‌లో, వైవా స్లైడుల్లో నిజమైన రోగి ఒక్కరూ కనిపించకూడదు. సింథియా వంటి సాధనాలు కల్పిత రోగులను తయారుచేస్తాయి, అయితే అవి అమెరికా జనాభాను దృష్టిలో పెట్టుకున్నవి. మన పేర్లు, ఊళ్లు, రక్తహీనత, టీబీ వంటి సమస్యలతో మీరే ఒక చిన్న కల్పిత ఊరిని సృష్టించుకోవడం మేలు.

కేంద్రంలో పరీక్షించడం

రిజిస్టరును ఆపించకుండా కొన్ని వారాలు రెండూ పక్కపక్కన నడపండి, అయితే ఆ అదనపు టైపింగును నర్సు మీద వేయకుండా మీ బృందమే కేంద్రంలో కూర్చుని చేయాలి. ప్రతి వారం కొన్ని వరుసలను యాదృచ్ఛికంగా తీసి రిజిస్టరుతో పోల్చి, ఏ గడిలో ఎక్కువ తేడాలు వస్తున్నాయో చూడండి. తేడా వచ్చిన ప్రతిచోటా తప్పు తెరదేనని ముందుగా అనుకోండి. మొసొరియట్‌లో చేసినట్లే గడియారం పట్టుకుని సమయం కొలవండి. ఒక రోగి నమోదుకు రిజిస్టరులో పట్టే సమయం కన్నా మీ తెర మీద ఎక్కువ పడుతుంటే గడులు తగ్గించండి.

ఫలితం చేతికి అందడం గురించి మొదట్లో చెప్పిన మాటకు ఇక్కడ రుజువు ఉంది. పశ్చిమ కెన్యాలోని పిల్లల హెచ్ఐవీ క్లినిక్‌లో ఒక ప్రయోగం చేశారు. ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌లో ఉన్న వివరాల నుంచి ప్రతి బిడ్డకూ ఒక సారాంశం అచ్చువేసి, గడువు దాటిన పరీక్షలేమిటో దానిమీద గుర్తుచేశారు. గుర్తుచేసిన చోట అలాంటి పనుల్లో 68 శాతం పూర్తయ్యాయి, గుర్తుచేయని చోట 18 శాతమే. వైద్యుల ముందు కంప్యూటరు లేదు. వారికి అందినది ఒక్క కాగితం. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కాబట్టి మీ బడ్జెట్‌లో మొదట ప్రింటరు రాయండి, ఆ తర్వాతే మరో ట్యాబు.

సెమిస్టరు ముగిశాక

మీరు ఉద్యోగాలకో పైచదువులకో వెళ్లిపోతారు, కేంద్రం అక్కడే ఉంటుంది. అందుచేత అప్పగింతను చివరి వారానికి వదలకుండా మొదటి నెలలోనే రాసుకోవాలి. సర్వరు ఆగిపోతే ఎవరు మళ్లీ నడిపిస్తారు, అడ్మిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది, ట్యాబు పోతే దానిలోని సమాచారాన్ని దూరం నుంచి ఎలా చెరిపేయాలి, నెలకు ఎంత ఖర్చు, అది ఎవరు భరిస్తారు అనేవి ఒక కాగితం మీద తెలుగులో, లేదా అక్కడి సిబ్బంది చదివే భాషలో ఉండాలి. బ్యాకప్ తీస్తున్నామని చెప్పడం చాలదు. తీసిన బ్యాకప్‌ను ఖాళీ యంత్రంలో తిరిగి నిలబెట్టి, ఆ పనిని మీరు కాక కేంద్రంలోని మనిషి తన చేతులతో చేసి చూపించాలి. కింది తరగతి విద్యార్థుల్లో ఇద్దరిని ఏడాది మధ్యలోనే బృందంలో చేర్చుకోండి.

ఇవేవీ కుదరకపోతే నిజమైన రోగుల వివరాలు ఎక్కించకుండా, కల్పిత ఊరితోనే ప్రాజెక్టు పూర్తి చేయండి. ఒకవేళ నడిచిన వ్యవస్థను మూసివేయవలసి వస్తే దానికీ ఒక వరుస ఉంది. ముందుగా ప్రతి బిడ్డకు పడిన టీకాలు, రావలసిన తేదీలు ఊరి వారీగా అచ్చువేసి, ఏఎన్ఎం రిజిస్టరుతో సరిచూసి, ఆమె చేత అందినట్లు సంతకం తీసుకోవాలి. మొత్తం సమాచారాన్ని సాదా సీఎస్‌వీ ఫైళ్లుగా, ఒక్కో కాలమ్ అర్థం రాసిన పత్రంతో సహా మెడికల్ ఆఫీసరుకు అప్పగించాలి. ఆ తర్వాత ట్యాబులు, సర్వరు, బ్యాకప్‌లు, మీ ల్యాప్‌టాపుల్లో మిగిలిన కాపీలు చెరిపివేసి, చెరిపివేసినట్లు తేదీతో సహా రాతపూర్వకంగా కేంద్రానికి ఇవ్వాలి.